కొనేవారు కూడితే కంపెనీ దిగివస్తుంది

వేయించిన తేదీ అడిగి రాబట్టుకున్న కాఫీ ప్రియులు - పల్లెలకు అందులో ఉన్న పాఠం

చెల్పూర్: కిరాణా దుకాణంలో కొన్న కాఫీపొడి ప్యాకెట్‌ను తిరగేసి చూస్తే ధర ఉంటుంది, తూకం ఉంటుంది, ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది. లోపలి గింజను ఏనాడు వేయించారన్నది మాత్రం చాలా ప్యాకెట్లపై కనిపించదు. నిజానికి కాఫీ రుచి నిలిచేదీ పోయేదీ ఆ తేదీని బట్టే. అయినా ఏళ్ల తరబడి ఆ మాట కొనేవారు అడగలేదు, అమ్మేవారు చెప్పలేదు.

గత పది పదిహేనేళ్లలో ఈ పరిస్థితి కొంత మారింది. గింజలను ఎప్పటికప్పుడు వేయించి, ఆన్‌లైన్‌లో ఆర్డరు తీసుకుని, నేరుగా ఇంటికి పంపే వ్యాపారులు దేశంలో అనేకచోట్ల వెలిశారు. వారి ప్యాకెట్లపై వేయించిన తేదీతోపాటు గింజ ఏ తోటదో, ఎంత ఎత్తున పండిందో కూడా ముద్రించి ఉంటున్నది. వేయించిన తేదీని విడిగా ముద్రించాలని వారిని ఏ అధికారీ ఆదేశించలేదు. కొన్నవారు తమ అనుభవాన్ని నలుగురూ చూసేచోట రాయసాగారు. పాత సరుకు పంపినవాడి సంగతి మర్నాటికల్లా వేలమందికి తెలిసిపోసాగింది. చెప్పకుంటే సరుకు అమ్ముడుపోదని తెలిశాక అమ్మేవారు చెప్పడం మొదలుపెట్టారు.

కాఫీ తాగేవారి ముచ్చట మనకెందుకని పల్లెవాసులు అనుకోవచ్చు. కానీ విత్తనం, పురుగుమందు, పిల్లల మందు, ఎరువు, మోటారు - ఇలా పల్లె కొనే వస్తువుల్లో మోసపోవడానికి అవకాశం కాఫీలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాఫీ ప్రియుల చేతిలో ఉన్న ఫోనే ఇవాళ రైతు చేతిలోనూ ఉంది. దానిని వారు వాడుకున్నట్టు పల్లె వాడుకోగలదా అన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

చాయ్ సీమలో కాఫీ

గణపురం మండలంలోని చెల్పూర్ ప్రధానంగా చాయ్ తాగే ఊరు. కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఇక్కడ వెలిసి, 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు నడవడంతో వివిధ జిల్లాల నుంచి ఉద్యోగులు, కార్మికులు వచ్చారు. వారితో పాటే వారి అలవాట్లూ వచ్చాయి. అయినా పరకాల - భూపాలపల్లి దారి వెంట ఏ హోటల్లో కాఫీ అడిగినా సాధారణంగా దొరికేది వేడి పాలలో కలిపిన ఇన్‌స్టంట్ పొడే. అది ఫ్యాక్టరీలో డికాక్షన్ తీసి, దానిని ఎండబెట్టి చేసిన పొడి. తయారు చేసుకోవడం సులువు. కానీ తాజాగా వేయించిన గింజ ఇచ్చే పరిమళం అందులో ఉండదు.

ఈ తేడా పల్లెవాసులకు తెలియనిది కాదు. మిర్చి పండే సీమ ఇది. వేసవిలో కొత్త మిర్చి ఎండబోసి దంచిన కారానికీ, దుకాణంలో ఆరు నెలలుగా వేలాడుతున్న ప్యాకెట్ కారానికీ తేడాను ఏ గృహిణి అయినా మూత తీయగానే వాసన చూసి చెబుతుంది. ధనియాలు అప్పటికప్పుడు వేయించి దంచితే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. అదే పొడి నెల రోజులు డబ్బాలో ఉంటే మట్టిలా మిగులుతుంది. కాఫీ సంగతీ అచ్చం ఇంతే.

పచ్చి కాఫీ గింజకు కాఫీ వాసన ఉండదు. తేమ తగలకుండా భద్రపరిస్తే అది నెలల తరబడి నిలవ ఉంటుంది. రెండు వందల డిగ్రీల వేడి దాటేలా వేయించినప్పుడు లోపలి చక్కెరలు, మాంసకృత్తులు మారి వందలాది సువాసన పదార్థాలు పుడతాయి. అదే సమయంలో గింజలో బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. వేయించిన తర్వాత కొన్ని రోజులపాటు ఆ వాయువు మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. ఆ తర్వాత గాలిలోని ప్రాణవాయువు లోపలికి చేరి నూనెలను చెడగొట్టడం మొదలవుతుంది. అందుకే వేయించిన గింజను రెండు మూడు రోజులు ఆగి, నెల రోజుల లోపు వాడుకోవడం మేలు. పొడి చేస్తే గాలి తగిలే భాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక ఆ గడువు రోజుల్లోకి పడిపోతుంది.

ఇంట్లో మంచి కాఫీ తాగాలంటే పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. వంద, రెండు వందల గ్రాముల చొప్పున గింజలుగా కొనుక్కుని, గాలి చొరని డబ్బాలో పోసి, ఏ పూటకాపూట చేతిమరలో పొడి చేసుకుంటే చాలు. స్టీలు ఫిల్టరులో పొడి వేసి, మరిగి దించిన నీళ్లు పోసి పావుగంట ఆగితే చిక్కటి డికాక్షన్ దిగుతుంది. కాచిన పాలు, చక్కెర ఎవరి రుచికి తగినట్టు వారు కలుపుకోవచ్చు. పచ్చి గింజలు దొరికితే ఇనుప మూకుడులో పల్లీలు వేయించినట్టు ఆపకుండా కదుపుతూ వేయించుకోవచ్చు. గింజలు చిటపటమన్న కొద్దిసేపటికి దించి, చేటలో పోసి చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది, గింజ త్వరగా చల్లారుతుంది. దక్షిణాదిన అనేక ఇళ్లలో ఒకప్పుడు ఇలాగే వేయించుకుని, మరలో పట్టుకుని తాగేవారు.

చికోరీ సంగతి కూడా తెలుసుకోవలసిందే. చికోరీ అనేది ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేసి కాఫీలో కలుపుతారు. డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగుతుంది. కలపడం నేరం కాదు. అయితే ఆహార భద్రత నిబంధనల ప్రకారం అటువంటి మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. కాఫీ ఎంత, చికోరీ ఎంత అన్నది ప్యాకెట్ మీద శాతాల్లో రాయాలి. ఈ అంకె చూడకుండా కొంటే వేరుపొడికి కాఫీ ధర చెల్లించినట్టే అవుతుంది. చట్టం అంకె రాయించగలిగింది గానీ, దానిని చదివించే పని మాత్రం కొనేవారిదే.

అరకు కొండల్లో మరో కోణం

కొనేవారు తెలివిమీరితే అమ్మేవారికి నష్టమన్న అభిప్రాయం ఒకటి ఉంది. అది సరికాదని చెప్పడానికి అరకు కాఫీయే నిదర్శనం. తూర్పు కనుమల్లోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు ఒకప్పటి విశాఖ ఏజెన్సీ. 2022 ఏప్రిల్ నుంచి అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. అక్కడి గిరిజన కుటుంబాలు సిల్వర్ ఓక్ చెట్ల నీడన చిన్న చిన్న కమతాల్లో కాఫీ పండిస్తున్నాయి. ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తున్నాయి.

వారపు సంతకు గింజలు మోసుకొచ్చి, దళారీ చెప్పిన ధరకు ఇచ్చిపోవడమే చాలాకాలం అక్కడి రివాజు. గింజ ఎక్కడికి పోతుందో, ఎవరు తాగుతారో పండించినవారికి తెలియదు. తాగేవారికి అరకు పేరే తెలియదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ రంగంలోకి దిగి కొనుగోళ్లు చేపట్టడం, నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో చిన్న, సన్నకారు గిరిజన రైతులు పరస్పర సహాయ సహకార సంఘంగా ఏర్పడడం ఈ పరిస్థితిని మార్చాయి. ఎర్రగా పండిన పండ్లనే ఏరడం, ఏ పూట కోసినవి ఆ పూటే శుద్ధికి చేర్చడం అలవాటయ్యాయి.

2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జి-20 దేశాల సమావేశానికి వచ్చిన అధినేతలకు భారతదేశం ఇచ్చిన కానుకల్లో అరకు కాఫీ ఒకటి.

ఈ గౌరవాలన్నింటి వెనుకా ఉన్న అసలు బలం ఏమిటంటే, గింజ ఎక్కడిదని అడిగే కొనుగోలుదారు తయారు కావడం. ఊరు పేరు లేకుండా అమ్ముడుపోయే సరుకుకు దళారీ చెప్పిందే ధర. ఊరు పేరు అడిగి కొనేవారు వేలల్లో ఉంటే, ఆ పేరుకే విలువ వస్తుంది. వేయించిన తేదీ ఏదని అడిగిన ఆ నగరవాసి ప్రశ్నే, ఇది ఎవరు పండించారన్న రెండో ప్రశ్నకు దారి తీసింది. ఆ ప్రశ్న వల్ల లాభపడింది కొండమీది రైతు.

హైదరాబాదు డాక్టరు పోరాటం

కాఫీ రుచికి సంబంధించిన విషయం. పోతే పోయేది ఒక పూట ముచ్చట. కానీ ప్రాణాలకు సంబంధించిన విషయంలో ఇదే శక్తి ఏం చేయగలదో 2025లో తెలుగునాట రుజువైంది.

పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోతాయి. అప్పుడు ఇవ్వవలసినది ఓఆర్ఎస్ నీళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటిలో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, మరి రెండు లవణాలు నిర్ణీత పాళ్లలో ఉండాలి. చక్కెర పాలు మించితే పేగులు నీటిని పీల్చుకోకపోగా విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అయితే ఈ సూత్రంతో సంబంధం లేని తియ్యటి పానీయాలు అట్టపెట్టెల్లో, పేరులో ఓఆర్ఎస్ అక్షరాలు కలుపుకుని మందుల దుకాణాల్లో అమ్ముడుపోతూ వచ్చాయి. బిడ్డకు మందు పట్టిస్తున్నానన్న నమ్మకంతో తల్లి డబ్బు పెట్టి చక్కెర నీళ్లు కొనవలసి వచ్చింది.

హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ పేరు వాడకంపై ఎనిమిదేళ్లపాటు పోరాడారు. అధికారులకు లేఖలు రాశారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ ఏడాదే ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడరాదని మొదట ఆదేశించింది. ఆ తర్వాత, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినది కాదని డబ్బామీద ఒక ముక్క రాస్తే చాలునని మెత్తబడింది. ఆ చిన్న అక్షరాలను దుకాణంలో ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని నిలబడిన తల్లి చదువుతుందా అన్నది ఆలోచించవలసిన విషయం.

డాక్టరు ఆగలేదు. వీడియోల ద్వారా తల్లిదండ్రులకు నేరుగా చెప్పడం సాగించారు. వాటిని చూసిన తల్లులు మరో తల్లికి పంపారు. ఒక వైద్యురాలి ఫిర్యాదుగా మొదలైనది దేశవ్యాప్తంగా తల్లిదండ్రుల ప్రశ్నగా మారింది. చివరకు 2025 అక్టోబరు 14న ఆ వెసులుబాటును రద్దుచేస్తూ, సూత్రానికి లోబడని ఏ పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అన్న మాట వాడరాదని ఆ సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీలు కోర్టు తలుపులు తట్టాయి. అదే నెల 31న ఒక కంపెనీ వేసిన పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు తోసిపుచ్చింది.

ఇటువంటిదే మరొక ఉదంతం 2023లో జరిగింది. పిల్లలకు బలమంటూ పాలలో కలిపి ఇచ్చే బోర్న్‌విటాలో చక్కెర ఎంత ఉన్నదో వివరిస్తూ ఒక యువకుడు ఏప్రిల్‌లో వీడియో పెట్టాడు. కంపెనీ లాయరు నోటీసు పంపింది. అతడు భయపడి వీడియో తీసివేశాడు. కానీ అప్పటికే లక్షలాది మంది చూసి ఉన్నారు. వారు అడగడం మానలేదు. జాతీయ బాలల హక్కుల సంఘం కంపెనీకి నోటీసు ఇచ్చింది. ఆ ఏడాది చివరికి కంపెనీ చక్కెర పాళ్లు తగ్గించింది. 2024 ఏప్రిల్‌లో ఇటువంటి పానీయాలను ఆరోగ్య పానీయాల కింద చూపవద్దని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. ఒక్కడిని బెదిరిస్తే నోరు మూస్తాడు. లక్షమందికి లాయరు నోటీసు పంపడం ఎవరి తరమూ కాదు.

ఫోను లేని రోజుల్లోనే...

జనం కూడితే అమ్మకం ఆగుతుందన్న సత్యం తెలుగు పల్లెలకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ కబురు ఒక ఊరి నుంచి మరో ఊరికి నోటిమాటగానే పాకింది. సారా వేలంపాటలను మహిళలు అనేకచోట్ల అడ్డుకున్నారు. పర్యవసానంగా 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను ప్రభుత్వం నిషేధించింది. 1995 జనవరిలో మద్య నిషేధమూ వచ్చింది. ఆ నిషేధం తర్వాత సడలిపోయినప్పటికీ, కోట్ల ఆదాయం వచ్చే వ్యాపారాన్ని చదువురాని కూలి మహిళలు కదిలించగలిగారన్నది చరిత్ర.

దూబగుంటలో ఉన్నదీ, ఇవాళ ఫోనులో ఉన్నదీ ఒకటే శక్తి. అయితే ఒక తేడా ఉంది. దూబగుంట మహిళలు ఒకరినొకరు ఎరుగుదురు. దుకాణం ముందు కూర్చున్నది ఎవరో, ఏం అడుగుతున్నదో అందరికీ తెలుసు. ఫోనులో కూడే గుంపుకు ముఖం లేదు. దానిలోని మంచీ చెడూ రెండూ ఇక్కడి నుంచే పుడుతున్నాయి.

గుంపు దారి తప్పితే

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వచ్చిన సందేశాలు నమ్మి తెలంగాణలో జనం అమాయకులను కొట్టారు. ప్రాణాలు సైతం పోయాయి. అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు ఊరూరా తిరిగి, పాటలు కట్టి, డప్పు కొట్టించి, అవి పుకార్లని నచ్చజెప్పారు. నిజం చెప్పడానికి మనిషే గడప దాకా రావలసి వచ్చిందన్నది గమనార్హం.

సరుకుల విషయంలోనూ ఇంతే. ఒక హోటల్లో తిని నలుగురు ఆసుపత్రి పాలయ్యారని ఎవరో కక్షతో రాసిన ఒక్క ముక్క, ఆ కుటుంబం బతుకుదెరువు తీసేయగలదు. మరోవైపు, డబ్బిచ్చి పొగడ్తలు రాయించుకునే అమ్మకందారులకూ కొదువ లేదు. ఈ బెడదను గుర్తించే ఆన్‌లైన్ అభిప్రాయాల సేకరణకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. కానీ దానిని పాటించడం వ్యాపారుల ఇష్టానికే వదిలివేశారు.

అందువల్ల ఫోనులో వచ్చిన ప్రతి ఫిర్యాదునూ పదిమందికి పంపే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రాసిన మనిషి ఎవరు? అతడు నిజంగా ఆ సరుకు కొన్నట్టు రసీదు, ప్యాకెట్ ఫొటో ఉన్నాయా? అమ్మిన వ్యక్తిని అడిగితే ఏమన్నాడు? ఈ ప్రశ్నలకు జవాబు లేని సందేశాన్ని ముందుకు పంపకపోవడమే మంచిది. హైదరాబాదు డాక్టరు గెలిచింది గొంతు పెంచి కాదు. లీటరుకు ఎంత చక్కెర ఉండాలి, డబ్బాలో ఎంత ఉంది అన్న లెక్క ఆమె చేతిలో ఉంది.

విత్తనం కొన్న రైతూ వినియోగదారుడే

పల్లెకు ఈ చర్చ అంతా వచ్చి చేరేది విత్తనం దగ్గరికి. పత్తి, మిర్చి విత్తనం మొలవకపోయినా, మొలిచి కాయకపోయినా రైతు పోగొట్టుకునేది ప్యాకెట్ ధర మాత్రమే కాదు. దున్నకం, ఎరువు, కూలి, ఒక పంటకాలం - అన్నీ పోతాయి. దుకాణదారు కంపెనీని చూపిస్తాడు, కంపెనీ వాతావరణాన్ని చూపిస్తుంది. ఒక్క రైతు వెళ్లి అడిగితే నీ సాగులోనే లోపం ఉందంటారు. ఒకే కంపెనీ, ఒకే లాటు నంబరు విత్తనం వేసిన యాభైమంది రైతులు తమ పొలాల ఫొటోలు పక్కపక్కన పెట్టి అడిగితే ఆ మాట అనడం కష్టం.

రైతు అసలు వినియోగదారుడే కాడని, విత్తన చట్టం ఉండగా వినియోగదారుల ఫోరానికి రాకూడదని విత్తన సంస్థలు చాలాకాలం వాదించాయి. జాతీయ విత్తన సంస్థకు, ఆంధ్రప్రదేశ్ రైతులకు మధ్య నడిచిన వ్యాజ్యంలో 2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టివేసింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని స్పష్టం చేసింది. పరీక్షకు పంపడానికి విత్తనం మిగల్చలేదన్న అభ్యంతరాన్నీ కోర్టు ఒప్పుకోలేదు. కొన్న విత్తనమంతా పొలంలో చల్లుకునే రైతు, రేపు కోర్టుకు పోవలసి వస్తుందని పిడికెడు దాచిపెట్టుకోడు కదా.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుంచి అమలులో ఉంది. ఇందులో పల్లెవాసులకు ఉపయోగపడేవి అనేకం ఉన్నాయి. కంపెనీ బొంబాయిలో ఉన్నా, కొన్న వ్యక్తి తాను నివసించే జిల్లాకు సంబంధించిన కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఆన్‌లైన్ ద్వారానూ పంపవచ్చు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెల రోజుల్లో పరిష్కరించాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి.

వీటన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఒకే రకమైన నష్టం పొందిన అనేకమంది తరఫున ఒకరో కొందరో కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదు వేయవచ్చు. అంటే జనం కూడి అడగడాన్ని చట్టమే గుర్తించిందన్నమాట. ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో పండుగ శుభాకాంక్షలతో పాటు విత్తన ప్యాకెట్ల లాటు నంబర్లు, రసీదుల ఫొటోలు కూడా చేరితే, పంట దెబ్బతిన్న రోజున ఆ గ్రూపే సాక్ష్యాల కట్ట అవుతుంది. రసీదు లేని రైతు గోడు ఎంత నిజమైనా కమిషన్ ముందు నిలవడం కష్టం. కేసులు తేలడానికి చట్టం చెప్పిన గడువు కంటే ఎక్కువ కాలమే పడుతున్నదన్నదీ మరువరాదు. కాబట్టే కాగితాలు మొదటి రోజు నుంచే భద్రంగా ఉండాలి.

చపాటా మిర్చికీ ఇదే బాట

పల్లె కొనేది మాత్రమే కాదు, అమ్మేది కూడా. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ ఇందుకు దరఖాస్తు చేసింది. మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం అండగా నిలిచింది. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఈ కాయ లావుగా, ముదురు ఎరుపుగా ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్లకు పేరుపొందింది. వరంగల్, హనుమకొండ, ములుగుతో పాటు భూపాలపల్లి జిల్లాలోనూ దీనిని పండిస్తున్నారు.

గుర్తింపు పత్రం గోడకు తగిలించుకున్నంత మాత్రాన ధర రాదు. హైదరాబాదులోనో, విదేశాల్లోనో పచ్చడి పెట్టుకునే తెలుగు కుటుంబం ఇది చపాటాయేనా, ఏ ఊరిది, ఏ పంటకాలానిది అని అడిగే రోజు రావాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేలా ఇక్కడి రైతులు సంఘంగా నిలవాలి. కాయలను వేరుచేసి, శుభ్రంగా ఆరబెట్టి, ఊరు పేరు, కోసిన నెల ముద్రించిన సంచిలో పంపాలి. ఒక్కరు నాసి కాయ కలిపినా మొత్తం పేరు పోతుంది. కొనేవారి గుంపు ఎంత త్వరగా మెచ్చుతుందో అంత త్వరగా వెలివేస్తుంది. అరకు గిరిజన రైతులు ఎర్రని పండును మాత్రమే ఏరే క్రమశిక్షణతో నిలబెట్టుకున్న పేరును, ఇక్కడి రైతులు అదే పద్ధతిలో నిలబెట్టుకోగలరు.

కొనేటప్పుడు అడగడం, అమ్మేటప్పుడు జవాబు చెప్పడం - రెండూ ఒకే అలవాటు. మోసం గురించి నలుగురికీ చెప్పే రైతు తన బస్తాలో తాలు కాయ కలిపితే ఆ మాటకు విలువ ఉండదు. నిజం చెప్పి అమ్మిన రైతు, విత్తనాల కంపెనీని నిలదీయడానికి వెళ్లినప్పుడు తల ఎత్తుకుని వెళ్తాడు.

ఈ పని మొదలు కావడానికి పెద్ద సభలు, తీర్మానాలు అవసరం లేదు. వచ్చే వానాకాలానికి విత్తనం కొన్న రోజునే ప్యాకెట్‌ను, రసీదును ఒక ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టడంతో మొదలు కావచ్చు. అంగడిలో ఏ సరుకు కొన్నా తిరగేసి వెనుక అక్షరాలు చదవడంతో మొదలు కావచ్చు. చదువుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే పెద్దలకు ఆ చిన్న అక్షరాలు వినిపించవచ్చు. దుకాణంలో కాఫీపొడి అడిగినవారు, దీన్ని ఎన్నడు వేయించారని మరొక్క మాట అడగవచ్చు. మొదటి రోజు దుకాణదారు నవ్వవచ్చు. పదోవాడు అడిగిన రోజున సరుకు తెచ్చే ఏజెంటును ఆ దుకాణదారే అడుగుతాడు.